సంగు కూసే వేళకు మేత

మా నాయన కోడిపిల్లలకు మేత కలిపేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే పాళ్ళు తప్పుతాయని ఆయన భయం. గడప బయట గోనెపట్టా పరుచుకుని, పాత అల్యూమినియం తట్ట ముందు పెట్టుకుని, పెళ్ళి వంటవాడు పులిహోర కలిపినంత శ్రద్ధగా కలిపేవాడు. అది చూస్తే మా అమ్మకు ఒళ్ళు మండేది.

"నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి కూరలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని ఒక్క మాట చెప్పినోడు కాదు. కోళ్ళకి మాత్రం కొలతలు చూస్తాడు" అని లోపలి నుంచి అనేది.

నాయన వినపడనట్టే ఉండేవాడు. గని లోపలి మోతల్లో పనిచేసి ఆయన చెవులు కొంత దెబ్బతిన్న మాట నిజమే. ఎంత దెబ్బతిన్నాయన్నది మాత్రం ఎదుటివాళ్ళు ఏమంటున్నారన్న దాన్ని బట్టి ఉండేది.

కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో ఊరిగాం పక్కన గనివాళ్ళు కట్టించిన లైనిల్లు మాది. ఒక గోడకు ఇటు మేము, అటు ఒక తమిళ ముసలావిడ, ఆమె కొడుకు. నాయన గనిలో టింబర్‌మ్యాన్. భూమి అడుగున తవ్విన చోట రాయి విరిగి పడకుండా దుంగలు నిలబెట్టే పని. మా తాత తెల్లదొరల కాలంలో చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి అదే గనిలో దిగాడు. నేను పుట్టేనాటికి దొరలు పోయి, గని సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైంది. అయినా మా లైన్లలో దాన్ని కంపెనీ అనే అనేవాళ్ళు. అలవాటైన నోరు సర్కారు మాట కూడా వినదు.

కోళ్ళు మాత్రం అమ్మ తెచ్చిన సంసారం. ఆమెది క్యాసంబళ్ళి పక్కన పల్లె. పుట్టింటికి పోయి వచ్చినప్పుడల్లా బుట్టలో వరిపొట్టు పోసి అందులో గుడ్లు దాచి తెచ్చేది. మా పెట్ట పొదుగుకు రాగానే దాని కింద పెట్టేది. పల్లెలో కోడిని పెంచడం ఒక పనే కాదని అమ్మ నమ్మకం.

"మా ఊర్లో కోడికి ఎవురన్నా వంట చేస్తారా? పొద్దున గంప ఎత్తుతాము, పొద్దు గూకినాక గంప మూస్తాము. మద్దెలో అది ఏం తినిందో దానికే ఎరుక."

ఆమె మాట అబద్ధం కాదు. పల్లెలో కోడికి పెంటదిబ్బ ఉంటుంది, పురుగులుంటాయి, కళ్ళంలో గింజలుంటాయి, గడ్డి ఉంటుంది. మా లైన్లో ఏముంది? గనిలోంచి వచ్చిన రాతిపొడి తప్ప నేల మీద మన్నన్నది తక్కువ. వెనక బంగారం తీసేశాక పారబోసిన తెల్లటి సైనైడ్ దిబ్బ, దాని మీద గడ్డిపోచ మొలవదు. ఆ వైపు కోళ్ళు పోకుండా తడిక కట్టి ఉండేది. ఇంక వాటికి మిగిలింది అమ్మ విదిల్చే గుప్పెడు రాగులే.

నాకు జ్ఞాపకమున్న మొదటి విడత పిల్లలు తల్లితో తిరిగినన్నాళ్ళు బాగానే ఉన్నాయి. కోడితల్లికి ఒక కాలం వస్తుంది. అప్పటిదాకా రెక్కల కింద దాచుకున్న పిల్లల్నే పొడిచి తరుముతుంది. పొండి, మీ బతుకు మీరు బతకండి అని. సరిగ్గా అప్పుడే మావి కుంటడం మొదలుపెట్టాయి. ఒళ్ళు పెరిగింది గాని కాళ్ళు ఆ ఒంటిని మోయలేకపోయాయి. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుండిపోయేవి. ఈకలు సరిగా రాక, వచ్చినవాటిని ఒకదానివి ఒకటి పీక్కునేవి. దిష్టి తగిలిందని అమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మాకు దగ్గొచ్చింది, వాటికి మాత్రం కాళ్ళు రాలేదు.

నాయన ఒక పిల్లను చేతిసంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. అక్కడి కాంపౌండరు దాని కాలు వేళ్ళతో వత్తి చూసి, "బరీ రాగులే పెడితే ఎట్లప్పా? పెరిగే పిల్లలు కదా. ఎముకకి సున్నం కావల్ల, కండకి గానుగ చెక్క కావల్ల, చేప కావల్ల, ఆకు కావల్ల, ఎండ కావల్ల. అన్నీ ఉండల్ల, పాళ్ళ ప్రకారం ఉండల్ల" అన్నాడు.

నాయన ఇంటికి రాగానే అమ్మను కూర్చోబెట్టి తన భాషలో చెప్పాడు.

"ఏమ్మే, ఇది షిఫ్ట్ మాదిరి. ఒట్టి డ్రిల్లర్లనే కేజ్‌లో నింపి లోపలికి దించితే ఏమవుతాది? రాయి పగులుతాది. ఎత్తేదానికి మనిషి లేడు, మోసేదానికి మనిషి లేడు, పైన ఉండే రాయి నెత్తిన పడతాది. మనం ఇన్నాళ్ళూ డ్రిల్లర్లనే దించినాము. రాగులు డ్రిల్లర్లు. చెనక్కాయ చెక్క, కరువాడు మోసే కూలోళ్ళు. గుడ్డు పెంకు నేను."

"నువ్వా?"

"నేనే. టింబర్‌మ్యాన్. నిలబెట్టేది అదే కదా."

అమ్మ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "సరే గుడ్డు పెంకయ్యా, లేచి అన్నం తిను" అంది. ఆ తరువాత చాలా రోజులు ఆయన్ను ఆ పేరుతోనే పిలిచింది, ఎవరూ లేనప్పుడు.

అలా మొదలైంది ఆ తట్ట. రాగులు, నూకలు బరకగా విసరడం నా పని. గానుగ నుంచి తెచ్చిన చెనక్కాయ చెక్కను నానబెట్టి నలిపేవాడు నాయన. కరువాడంటే ఎండుచేపలు. చిన్నవి చవగ్గా దొరికేవి, వాటిని వేయించి దంచేవాడు. ఇంట్లో కొట్టిన ప్రతి గుడ్డు పెంకునూ కడిగి, పెనం మీద కాల్చి, పొడి చేసి డబ్బాలో పోసేవాడు. మునగాకు తమిళ అవ్వ పెరటి చెట్టుది. వీటన్నిటి మీద పండగ భోజనం చెదలు. టింబర్ యార్డులో పనికిరాని పుచ్చుకర్రలు అడిగి తెచ్చి గోడవార వేసి, వాటి మీద తడిపేడ, చింకి గోనె కూరిన కుండను సాయంత్రం బోర్లించేవాడు. పొద్దున్నే కుండ ఎత్తితే లోపల తెల్లగా చెదలు. అప్పుడు కోడిపిల్లలు పడే తొందర చూడాలి. పంక్తిలో లడ్డూ వడ్డిస్తుంటే మా బంధువులు కూడా అంత తోసుకోలేదు.

వయసును బట్టి పాళ్ళు మార్చేవాడు. తల్లి విడిచిన కొత్తలో చేప, చెక్క ఎక్కువ. జుట్టు ఎర్రబారే కాలానికి చెక్క తగ్గించి ఆకు పెంచేవాడు. "ఇప్పుడు కొవ్వు పడితే గుడ్డు పెట్టేదానికి బద్దకిస్తాది" అనేవాడు. ఆ రోజుల్లో నేనూ ఎదిగే వయసులోనే ఉన్నాను. నన్నూ ఆ గుంపులో కలిపేశాడు. నా కంచంలో రాగి ముద్ద పక్కన ఆకుకూర లేకపోతే, "పాపకి ఈ పూట ఎవురు దిగలేదు షిఫ్ట్‌కి?" అని అమ్మను అడిగేవాడు. నాకు తిక్క రేగేది. నేను కోడినా అని మూతి ముడిచేదాన్ని. ఇప్పుడు అలా అడిగేవాళ్ళు ఉంటే తట్టలో వేసి పెట్టినా తినేదాన్ని.

ఇక సంగు సంగతి. గని సైరన్‌ను మా లైన్లలో సంగు అనేవాళ్ళు. షిఫ్ట్ ఎక్కే వేళకు, దిగే వేళకు అది కూసేది. ఊళ్ళో గడియారాలున్నవాళ్ళు కూడా సంగును బట్టే గడియారం సరిచేసుకునేవాళ్ళు. దాని కూతతో పొయ్యి మీదికి ఎసరు ఎక్కేది, బడిపిల్లల జడలు పడేవి. నాయన షిఫ్ట్ వారం వారం మారేది కాబట్టి వేళకు మేత పెట్టడం ఆయన చేతిలో లేదు. అందుకని అమ్మకు ఒకటే మాట చెప్పాడు.

"నేను ఉన్నా లేకున్నా, పొద్దున సంగుకి ఒకసారి, మధ్యాహ్నం సంగుకి ఒకసారి. ముందూ వద్దు, వెనకా వద్దు. ఎదిగే కడుపు వేళ తప్పగూడదు."

అమ్మ సణుగుతూనే అలాగే చేసింది. కొన్నాళ్ళకు కోళ్ళకు అర్థమైపోయింది. సంగు కింది నుంచి మెల్లగా మొదలై పైకి లేచేది. అది పైకి చేరేలోపలే, ఏ గోడ చాటున ఉన్నా, ఏ కాలవలో గీరుతున్నా, రెక్కలు విప్పి మా గడపకు పరుగెత్తుకొచ్చేవి. పిలిచే పని లేదు. పల్లెలో బా బా బా అని పిలిచినట్టు మా కోళ్ళను ఎవరూ పిలవలేదు. వాటికి ఆ పిలుపే తెలియదు.

నాయనకు పొద్దుటి షిఫ్ట్ ఉన్న వారాలు నాకు ఇష్టం. మధ్యాహ్నం సంగు కూసేది. కోళ్ళు వచ్చేవి. అమ్మ తట్ట దించేది. అవి తినడం అయ్యే వేళకు సందు చివర నాయన కనిపించేవాడు, బట్టల నిండా రాతిపొడితో, చంకలో ఒక పుచ్చుకర్ర ముక్కతో. ముందు కోళ్ళ వైపు చూసి, తరువాత నా వైపు చూసి, "అందరూ తినినారా?" అనేవాడు. ఆ మధ్యాహ్నాలు నాకు మళ్ళీ కావాలి. తీర్థాలకు పోయి మొక్కమంటే నేను మొక్కేది అది ఒక్కటే.

నేను ఇంటర్, మా వైపు పీయూసీ అంటారు, చదువుతున్నప్పుడు గని మూసేస్తారన్న మాట బలపడింది. ఆ మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నదే కాబట్టి అమ్మ పట్టించుకోలేదు. ఎప్పటిలాగే పుట్టింటి నుంచి గుడ్లు తెచ్చి పొదిగించింది. పిల్లలు దిగాయి. వాటిని తల్లి పొడిచి తరిమే కాలానికి గని నిజంగానే మూతపడింది. మునుపటి రోజు కూసిన సంగు మరుసటి రోజు కూయలేదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకుందట ఒక ముసలమ్మ. మా లైన్లో అందరం ఆ ముసలమ్మలమే. సంగు లేకుండానే తెల్లవారింది, ఎండ ఎక్కింది, ఏమి చేయాలో తెలియక మగవాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు.

కొద్దిరోజులకే కొందరు తెల్లారి బెంగుళూరు రైలు ఎక్కడం మొదలుపెట్టారు. కాపలా పనులు, ఫ్యాక్టరీ పనులు, దొరికింది ఏదో ఒకటి. మా నాయన మంచం దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తిట్టడు, ఏడవడు, అడిగితే తల ఊపుతాడు. మేత తట్ట గోడకు ఆనించిన చోటే దుమ్ము పట్టింది.

అమ్మ మళ్ళీ ఒట్టి రాగులకు దిగింది. ఆమెకు అంతకంటే చేతకాలేదు, మనసూ లేదు. కోడిపిల్లలు ముందు ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాయి. రెక్కలు వాలాయి. వేళ తెలియక ఎటంటే అటు పోయేవి. అమ్మ బా బా బా అని గొంతు పోయేలా పిలిచినా తల ఎత్తి చూసేవి కావు. ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. తడిక సందుల్లోంచి సైనైడ్ దిబ్బ వైపు దూరుతున్నవాటిని నేను కర్ర పట్టుకుని తరిమి తెచ్చేదాన్ని.

ఒక రోజు అమ్మ నూకలు చెరుగుతూ చెరుగుతూ ఆగిపోయింది. "కోళ్ళు పోతే పోనీ పాపా, మళ్ళా తెచ్చుకుంటాము. ఈ మనిషి ఇట్లనే ఉండిపోతాడేమో అని నాకు బయంగా ఉండాది" అంది. మా అమ్మ భయమన్న మాట పలకడం నేను అదే మొదటిసారి వినడం. నాకూ కోళ్ళ మీద దిగులు లేదు. నాయన లేచి తట్ట ముందు కూర్చోవాలి, నోరు మూసుకోండి అని మమ్మల్ని కసరాలి. అదొక్కటే కావాలి.

ఆ మధ్యాహ్నం నేనే తట్ట కడిగాను. రాగులు విసిరాను, చెక్క నలిపాను. గుడ్డు పెంకు డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంటే పోశాను. పాళ్ళు నాకు తెలియవు. ఎన్నో ఏళ్ళు పక్కన కూర్చుని చూశాను గాని, మాట్లాడకూడదన్న చోట అడిగి తెలుసుకునేది ఎలా? ఎండుచేపలు వేయించి దంచి, ఉన్న పొడి అంతా తట్టలో కుమ్మరించాను. ఆ వాసనకు లైన్లో పిల్లులన్నీ మా గోడెక్కాయి.

లోపల మంచం కిర్రుమంది.

"కరువాడు జాస్తి అయింది" అన్నాడు నాయన.

అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు తెలిసినంత వరకు నా జీవితంలో సమయానికి నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. ఇంకో గుప్పెడు చేపపొడి వేస్తున్నట్టు తట్టను గలగలమనిపించాను. నాయన లేచి వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు ఎండకు ఓర్చుకోలేక, గడప దగ్గర ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"అంత ఉప్పు తింటే వాటికి నీళ్ళ కడుపు అవుతాది. లే, పక్కకి లే" అన్నాడు.

గోనెపట్టా మీద కూర్చున్నాడు. నూకలు పోయించుకున్నాడు, మునగాకు కోసుకురమ్మన్నాడు, అమ్మ ఏదో అనబోతే చేయి ఎత్తి ఆపాడు. అమ్మ ఆ చేయిని చూసి లోపలికి పోయి కళ్ళు తుడుచుకుంది. మేత సిద్ధమైంది. కోళ్ళు లేవు.

"యాడ పోయినాయి?"

"యాడికి పోయినాయో. పిలిస్తే రావు. వాటికి నీ సంగు కావల్ల" అంది అమ్మ.

నాయన లేచి సందులోకి పోయి నిలబడ్డాడు. ఇళ్ళ కప్పుల మీదుగా గనిలోకి మనుషుల్ని దించే షాఫ్ట్ పైన ఉండే పెద్ద చక్రం కనిపిస్తుంది. అది తిరగడం లేదు. కొంచెంసేపు దాన్నే చూశాడు. తరువాత రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టుకుని, కడుపులోంచి, బాగా కింది నుంచి మొదలుపెట్టాడు. ఊ అని మెల్లగా, లేచీ లేవనట్టుగా, తరువాత నిదానంగా పైకి, ఇంకా పైకి, ఊపిరి ఉన్నంత దూరం. మా నాయన గొంతులో సంగు ఉందని మాకు తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో.

కోళ్ళు వచ్చాయి. కాలవలోంచి, గోడ వెనక నుంచి, ఎవరి వంటింట్లోంచో, వాలిన రెక్కలు విప్పుకుని, కుంటేది కుంటుతూ, అన్నీ పరుగెత్తుకొచ్చాయి.

వాటి వెనకనే తలుపులు తెరుచుకున్నాయి. లైను పొడుగునా ప్రతి గడపలోనూ మనుషులు. ఒకాయన చొక్కాలో ఒక చేయి దూర్చి రెండో చేయి వెతుక్కుంటూ వచ్చాడు. ఒకావిడ చేతిలో అన్నం గరిటె అలాగే ఉంది. పక్కింటి తమిళ అవ్వ గని నడిచినన్నాళ్ళూ షిఫ్ట్‌కు పోయే కొడుకుకు రోజూ అందించిన టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. అది ఖాళీదని గిన్నెల చప్పుడులోనే తెలుస్తోంది.

"ఎన్న తంబీ, సంగా?" అని అడిగింది నాయనను.

నాయన చేతులు దించేశాడు. అంతమంది ముందు దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా తల వంచుకున్నాడు.

"కోళ్ళకి అమ్మా" అన్నాడు. "కోళ్ళకి."

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తలుపులు వేసుకుని లోపలికీ పోలేదు. ఆ కోళ్ళు తినడం అయ్యేదాకా అందరూ గడపల్లోనే నిలబడ్డారు. చివరికి అవ్వ, "రేపు కూడా ఊదు తంబీ. నాకు కూడా వేళ తెలుస్తాది" అని వచ్చీరాని తెలుగులో చెప్పి లోపలికి పోయింది.

మర్నాడూ ఊదాడు. ఆ విడత పెట్టలు కాళ్ళు నిలదొక్కుకుని, జుట్లు ఎర్రబారి, గుడ్లకు వచ్చేదాకా ఊదాడు. తరువాత ఆయనా రైలెక్కాడు. బెంగుళూరులో ఒక పెద్ద భవనం గేటు దగ్గర కాపలా. నా చదువు, నా ఉద్యోగం ఆ గేటు దగ్గర నుంచే వచ్చాయి. సెలవు దొరికి ఇంట్లో ఉన్న రోజున మాత్రం మధ్యాహ్నం సందులో నిలబడి ఒకసారి ఊదేవాడు. కోళ్ళు తగ్గిపోయి ఆఖరికి లేకుండా పోయినా ఊదేవాడు. ఎవరికని అమ్మ అడగలేదు.

నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా ఇల్లు బెంగుళూరులో నాలుగో అంతస్తు. ఇక్కడ కోడి అంటే ఫ్రిజ్‌లోదే. మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వక్క కొరుకుతూ ఉన్నట్టుండి, "పాపా, మీ నాయన మాదిరి ఒకసారి ఊదు" అంది.

"ఇరుగుపొరుగు ఏమనుకుంటారు?" అన్నాను.

"అనుకోనీ. కోళ్ళకి అని చెప్పు."

వంటింటి కిటికీ మూసి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. బాగానే వచ్చిందనుకున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"కాదు. మీ నాయన ఇంగా కింద నుంచి మొదలుపెడతాడు."

మళ్ళీ ప్రయత్నించాను. ఊపిరి బిగబట్టి, కడుపులోంచి తీసి, ఇంకొంచెం కింది నుంచి, ఇంకొంచెం కింది నుంచి. అమ్మ కళ్ళు తెరవకుండా ఎదురుచూస్తూనే ఉంది. అంత కిందికి నా గొంతు పోలేదు.